నవ్వి ఊరుకోవద్దు: 2029 ఏప్రిల్ 13 కోసం ఒక విన్నపం

టీవీ చూసే, పేపరు చదివే, ఫోన్లో వార్తలు అందుకునే తెలుగువాళ్ళందరికీ,

2029 ఏప్రిల్ 13 శుక్రవారం. ఆ రోజు అమావాస్య. ఆ రాత్రి గడిచి మన గడియారంలో మూడు దాటిన కాసేపటికి అపోఫిస్ అనే గ్రహశకలం నేలకు దాదాపు 32,000 కిలోమీటర్ల ఎత్తులోంచి దాటిపోతుంది. మన టీవీ ప్రసారాలు మోసే ఉపగ్రహాలుండేది 36,000 కిలోమీటర్ల ఎత్తున. వాటికంటే దగ్గరగా వస్తుందన్నమాట. దాని అడ్డకొలత సుమారు 340 మీటర్లు. అది భూమిని గుద్దుకోదు. 2021 మార్చిలో రాడార్లతో కొలిచి చూశాక, కనీసం నూరేళ్ళ దాకా దానివల్ల ముప్పు లేదని నాసా తేల్చి చెప్పింది.

శుక్రవారం, అమావాస్య, నడిరాత్రి దాటిన వేళ. పైగా ఆ రాయికి పెట్టింది ఈజిప్టు పురాణాల్లో చీకటికీ వినాశనానికీ ప్రతీక అయిన సర్పం పేరు. ఇవన్నీ ఒక్కచోట కుదిరాక ఎర్ర అక్షరాల్లో ఏం రాస్తారో, వెనక ఏ సంగీతం మోగిస్తారో, ఎవరిని పిలిచి స్టూడియోలో కూర్చోబెడతారో మీకూ నాకూ తెలుసు. అది మొదలు కాకముందే మీతో నాలుగు మాటలు చెప్పాలని ఈ కరపత్రం వేస్తున్నాను. నేను బాపట్ల వైపు ఒక పల్లెటూరి హైస్కూల్లో సైన్సు చెబుతాను. నా వెనక సంఘం లేదు, పార్టీ లేదు.

నేను చెప్పదలచింది ఒక్కటే. ఇలాంటి వార్తలు చూసి చదువుకున్నవాళ్ళం నవ్వుకుంటాం, నలుగురికీ పంపి నవ్విస్తాం, మరిచిపోతాం. ఆ నవ్వు చాలదు. ఒక్కోసారి ఆ నవ్వే నష్టం చేస్తుంది.

1979లో స్కైలాబ్ పడుతుందన్నారు. 77 టన్నుల అమెరికా అంతరిక్ష కేంద్రం, ఎక్కడ పడేదీ ఎవరికీ తెలియదు. అప్పట్లో మన పల్లెల్లో కోళ్ళు కోసుకు తిన్నారనీ, మేకలు తెగనమ్మారనీ మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. మా నాయనమ్మ రెండో ఈత గేదెను సగం ధరకి అమ్మేసింది. ఆ డబ్బుతో అరిసెలు వండింది, మనవలకి కొత్త బట్టలు కుట్టించింది. పోయేముందు పిల్లలు కడుపునిండా తినాలనుకుంది, అంతే. జులై 11న స్కైలాబ్ హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ పట్టణం చుట్టుపక్కలా ముక్కలై పడింది. ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు. మా ఇంట్లో మాత్రం పాడి పోయింది. గేదెను కొన్నది పక్క ఊరి పాల వ్యాపారి. ఆయన భయపడలేదు. నవ్వుకుంటూ వచ్చి తాడు పట్టుకుని తోలుకుపోయాడట. ఆ తర్వాత రెండేళ్ళు మా వాళ్ళు ఆయన దగ్గరే పాలు కొనుక్కున్నారు.

ఈ కథ మా ఇంట్లో చాలాకాలం నవ్వులాటగానే నడిచింది. పెద్దయ్యాక ఆలోచిస్తే నాకు నవ్వు రాలేదు. లోకం అంతమవుతుందన్న ప్రతిసారీ ఏదో ఒక సొత్తు భయపడ్డవాళ్ళ చేతిలోంచి భయపడనివాళ్ళ చేతిలోకి పోతుంది. 1910లో హేలీ తోకచుక్క వచ్చింది. దాని తోకలో సయనోజెన్ అనే విషవాయువు ఉందని తేలింది. ఆ తోకలోంచి భూమి వెళుతున్నప్పుడు ఆ వాయువు మన గాలిలో కలిసి ప్రాణులన్నీ చస్తాయని ఫ్రెంచి ఖగోళవేత్త ఫ్లమారియాన్ అన్నట్టు పత్రికలు అచ్చేశాయి. ఆ తోక చాలా పలచనిదనీ, అది మన గాలిని ఏమీ చేయలేదనీ మిగతా శాస్త్రవేత్తలు చెప్పిన మాట జనం చెవికెక్కలేదు. తోకచుక్క మాత్రలని అమ్మినవాళ్ళు బాగుపడ్డారు. 1962 ఫిబ్రవరిలో మకరరాశిలో అష్టగ్రహ కూటమి అన్నారు. దేశమంతా యజ్ఞాలు జరిగాయి, నెయ్యి కుండలకొద్దీ అగ్నిలో పోశారు. ఆ నెయ్యి ఎవరి ఇళ్ళనుంచి వచ్చిందో లెక్క రాసినవాళ్ళు లేరు.

ఇప్పుడు గేదెలు అమ్మించనక్కర్లేదు. మనం తెర వైపు కళ్ళప్పగిస్తే చాలు, చానెళ్ళకి అదే డబ్బు. ఇక్కడే మన నవ్వు సంగతి వస్తుంది. ‘చూడండి ఏం వాగుతున్నారో’ అని మీరు వాట్సాప్‌లో పంపిన క్లిప్పును మీ స్నేహితులు నవ్వుతూ చూస్తారు. వాళ్ళింట్లో వంటమనిషి, వాచ్‌మన్ కూతురు, ఎనిమిదో తరగతి పిల్లవాడు నవ్వకుండా చూస్తారు. చూసినవాళ్ళ లెక్కలో నవ్వినవాళ్ళూ ఒకటే, ఏడ్చినవాళ్ళూ ఒకటే. లెక్క పెరిగితే రేపు అలాంటిదే ఇంకొకటి వస్తుంది.

భయం ఎంతదాకా పోతుందో చెప్పక తప్పదు. 2008 సెప్టెంబరు 10న జెనీవా దగ్గర సెర్న్ సంస్థ పెద్ద కణ యంత్రాన్ని మొదలుపెట్టింది. అందులో కృష్ణబిలం పుట్టి భూమిని మింగేస్తుందని మన దేశంలో చానెళ్ళు రోజుల తరబడి చూపించాయి. అంతకంటే ఎక్కువ శక్తి ఉన్న విశ్వకిరణాలు కోట్ల ఏళ్ళుగా భూమినీ చంద్రుణ్ణీ గుద్దుకుంటూనే ఉన్నాయి, ఏ బిలమూ పుట్టలేదు అన్న ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. మధ్యప్రదేశ్‌లో ఒక టీనేజీ అమ్మాయి ఆ వార్తలకు బెదిరి ప్రాణం తీసుకుందని తల్లిదండ్రులు చెప్పినట్టు పత్రికలు రాశాయి. 2012 డిసెంబరు 21 యుగాంతం అన్న రోజుల్లో, నాసాలో జనం ప్రశ్నలకు జవాబులు రాసే డేవిడ్ మారిసన్ అనే శాస్త్రవేత్తకు వేల ఉత్తరాలు వచ్చాయి. చచ్చిపోవాలని ఉందని రాసిన పిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారని ఆయన బయటికి చెప్పారు. నిజానికి మాయా పంచాంగంలో ఆ రోజుకి ఒక పెద్ద ఆవృతం పూర్తయింది, అంతే. మనకి ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏళ్ళు తిరిగి మళ్ళీ ప్రభవ వచ్చినట్టు.

ఆ డిసెంబరులోనే మా ఏడో తరగతి అమ్మాయి ఒకరోజు గంట కొట్టాక ఆగి, ‘సార్, 21 తర్వాత కూడా బడి ఉంటుందా’ అని అడిగింది. నేను నవ్వాను. ‘హాఫియర్లీ పరీక్షలకి భయపడి అడుగుతున్నావా’ అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల తల వంచుకుని వెళ్ళిపోయింది. పది రోజులుగా రాత్రిళ్ళు నిద్రపోవడం లేదని, తమ్ముణ్ణి పక్కలోంచి కదలనివ్వడం లేదని వాళ్ళమ్మ తర్వాత చెప్పింది. భూమి గురించి నాకు తెలిసింది ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ పిల్ల ఆ రాత్రి పడుకునేది. ఆ ఐదు నిమిషాలు నేను ఇవ్వలేదు. ఈ కరపత్రం ఆ పిల్లకి నేను పడ్డ బాకీ.

అందరూ అబద్ధమే చెబుతున్నారని నేననను. ఎక్కువసార్లు నిజమే సగం చెబుతారు. 2024 డిసెంబరు 27న చిలీలోని ఒక టెలిస్కోపు 2024 వైఆర్4 అనే రాయిని కనిపెట్టింది. 40 నుంచి 90 మీటర్ల మధ్య ఉంటుందన్నారు. 2032 డిసెంబరు 22న భూమిని గుద్దే అవకాశం జనవరి చివరికి 1 శాతం దాటింది, 2025 ఫిబ్రవరి 18కి 3.1 శాతానికి ఎక్కింది. పడితే పడగల చోట్ల వరసలో దక్షిణాసియా కూడా ఉండటంతో ముంబయి, కోల్‌కతా పేర్లు హెడ్డింగుల్లోకొచ్చాయి. మరో వారం తిరక్కుండానే ఆ అవకాశం దాదాపు సున్నా అయింది. పెరిగినప్పుడు అరిచినవాళ్ళలో తగ్గినప్పుడు అంత గట్టిగా చెప్పినవాళ్ళు నాకు కనిపించలేదు.

అది పెరిగి ఎందుకు పడిపోయిందో తీరంలో ఉండే మనకి తేలిగ్గా అర్థమవుతుంది. తుఫాను కబురు వస్తుంది. పది ఊళ్ళ మధ్య ఎక్కడైనా తీరం దాటవచ్చంటారు. అప్పుడు మన ఊరి వంతు పదింట ఒకటి. మర్నాటికి కొలతలు మెరుగై ఐదు ఊళ్ళకి తగ్గుతుంది, మన ఊరు ఇంకా అందులోనే ఉంటే మన వంతు ఐదింట ఒకటి. తుఫాను మనమీదికి తిరిగిందని కాదు, దాని దారి ఇంకాస్త స్పష్టంగా తెలిసిందని. మూడోరోజు ఆ గీతలోంచి మన ఊరు తప్పుకుంటే ఇక లేనట్టే. గ్రహశకలం లెక్క కూడా అంతే. అందుకే ఇలాంటివాటిలో చాలావాటికి ముందు శాతం పెరుగుతుంది, తర్వాత ఒక్కసారిగా జారిపోతుంది. ఇది హెడ్డింగు పక్కన నాలుగు వాక్యాల్లో చెప్పగలిగిన సంగతి.

తుఫాను మాట ఊరికే తేలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఈసారి కబురు రోజుల ముందే వచ్చింది, జనం నమ్మారు, లోతట్టు వాళ్ళు కదిలారు. హెచ్చరికను నమ్మే ఆ అలవాటు సంపాదించడానికి ఈ తీరానికి ఒక తరం పట్టింది. రోజుకొక ప్రళయం చూపించే తెర ముందు ఆ అలవాటు అరిగిపోతుందని నా భయం. ఇంకో సంగతి వినండి. అపోఫిస్ 2029లో భూమిని గుద్దే అవకాశం 2.7 శాతం అని లెక్క తేలిన రోజు 2004 డిసెంబరు 27. అదే ఏడాది మార్చిలో తీసిన పాత ఫొటోల్లో అది దొరకడంతో ఆ అవకాశం పోయింది. ఆ ముందురోజు, డిసెంబరు 26న, సునామీ మన తీరాన్ని కూడా కొట్టింది. దానికి ఏ హెచ్చరికా లేదు. ఆ తర్వాత, 2007లో, హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. మన బడిపిల్లల్లో ఎంతమందికి ఆ కేంద్రం పేరు తెలుసో మీరే అడిగి చూడండి. భూమిని గుద్దుతుందని పుకార్లలో తిరిగే, అసలు లేనేలేని గ్రహం నిబిరు పేరు మాత్రం వాళ్ళకి తెలుసు.

ఆకాశంనుంచి వచ్చే ముప్పు అసలు లేదనీ నేననను. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద 20 మీటర్ల రాయి గాలిలో పేలింది. సుమారు 1,500 మంది గాయపడ్డారు. ఎక్కువమందికి తగిలింది కిటికీ అద్దాలు పగిలి. మెరుపు చూసి ఏమిటా అని కిటికీ దగ్గరికి పోయారు, శబ్దతరంగం నిమిషాల తర్వాత వచ్చింది. ఆకాశంలో కళ్ళు చెదిరే మెరుపు కనిపిస్తే కిటికీకి దూరంగా జరగాలన్న ఒక్క మాట ప్రాణానికి పనికొస్తుంది. ఏ ప్రళయం ప్రోగ్రాములోనూ నేను దాన్ని వినలేదు. 2022 సెప్టెంబరు 26న నాసా డార్ట్ నౌకను డైమార్ఫస్ అనే చిన్న రాతికి గుద్దించి, దాని కక్ష్యా కాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది. మనుషులు ఒక ఖగోళం దారి మార్చడం అదే మొదలు. ఈ సంగతి మన పిల్లలకి పండగలా చెప్పాల్సింది.

ఇక చేయాల్సింది. చానెళ్ళనూ పత్రికలనూ మనం గట్టిగా అడగాల్సింది రెండే. గ్రహశకలం వార్త వేస్తే, అవకాశం ఎంత శాతమో, రాయి ఎంతో, ఎప్పుడో, ఎవరు లెక్కగట్టారో హెడ్డింగు పక్కనే వేయాలి. ముప్పు తప్పిందన్న రోజు, ముప్పన్న వార్తకిచ్చినంత చోటు, అంతే సమయం ఇవ్వాలి. ఇది దయాధర్మంగా అడిగేది కాదు. మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు ప్రసారం చేయకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది. 2021లో ఆ నిబంధనలను సవరించారు. దాని ప్రకారం ప్రేక్షకుల ఫిర్యాదును చానెల్ 15 రోజుల్లో తేల్చాలి. జవాబు నచ్చకపోతే పైన స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్ళవచ్చు. పేపరైతే ముందు సంపాదకుడికి, తర్వాత ప్రెస్ కౌన్సిల్‌కి. ప్రోగ్రాం పేరు, తేదీ, టైము, ఏం చెప్పారు, నిజం ఏమిటి. పది వాక్యాల ఉత్తరం. క్లిప్పును నవ్వుతూ ఇరవైమందికి పంపేలోపు ఈ ఉత్తరం రాయవచ్చు. ఒక్క ఉత్తరాన్ని పక్కన పడేస్తారు. ఒకే ప్రోగ్రాం మీద మూడు వందల ఉత్తరాలు వస్తే పడేయలేరు.

జిల్లా సైన్సు అధికారులకి నా విన్నపం: ఇలాంటి వార్త పుట్టిన రోజే తెలుగులో ఒక పేజీ రాసి ప్రతి బడికీ పంపండి. మర్నాడు ప్రార్థన దగ్గర చదువుతాం. విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ళు తుఫానుకి ఫోన్లలో సందేశాలు పంపుతున్నారు. ‘ముప్పు లేదు’ అన్న సందేశం కూడా అలాగే పంపవచ్చు.

తోటి టీచర్లకి వేరే చెప్పక్కర్లేదు. పిల్లలు అడిగితే నవ్వకండి.

2029 ఏప్రిల్ 13కి ఇప్పటినుంచే తయారవుదాం. ఆ రాత్రి ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమాసియా జనానికి అపోఫిస్ టెలిస్కోపు అక్కర్లేకుండా కంటికే కనిపిస్తుంది. అంత పెద్ద రాయి అంత దగ్గరగా పోవడం చూసే అదృష్టం చాలా తరాలకి ఉండదు. మనకి ఏ వేళకి ఏ దిక్కున చూడాలో హైదరాబాదు బిర్లా ప్లానెటేరియం వాళ్ళనో, దగ్గర్లోని కాలేజీ ఫిజిక్స్ మాస్టర్లనో ముందే అడిగి పెట్టుకోండి. అది కంటపడినా పడకపోయినా, అమావాస్య చీకటి నక్షత్రాలు చూడటానికి మంచి చీకటి. ప్రతి ఊళ్ళో బడి డాబా తెరిపించండి. టీవీ ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చునే వాళ్ళని, ముఖ్యంగా ఒంటరి ముసలివాళ్ళనీ పిల్లలనీ, చెయ్యి పట్టుకుని పైకి తీసుకురండి.

మా బడి డాబా మీద ఆ రాత్రి తొమ్మిదింటినుంచి తెల్లవారేదాకా చాపలు పరిచి ఉంటాయి. మంచినీళ్ళు, దోమల అగరుబత్తీ మేం పెడతాం. చెప్పులు మెట్ల దగ్గర విడవండి, టార్చిలైటుకి ఎర్ర కాగితం చుట్టి తెచ్చుకోండి.