మన బడిని మనమే చదవాలి

1998లో హైదరాబాద్ నగరానికి రెండు సంస్థలు వచ్చాయి. జనవరిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను నాటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణం నేడు గచ్చిబౌలిలో ఉంది. హైటెక్ సిటీ అద్దాల మేడలకు అది కొద్ది కిలోమీటర్ల దూరమే. అయినా మన ఇళ్లలో పిల్లల భవిష్యత్తు ప్రస్తావనకు వచ్చినప్పుడు వినిపించేది ఆ మేడల పేరే. కంప్యూటర్ కోర్సులో సీటు వస్తే మిఠాయి పంచుతాం. కూతురు విద్యాశాస్త్రమో సమాజశాస్త్రమో చదువుతానంటే "వేరే ఏ సీటూ రాలేదా?" అని అడుగుతాం.

కంప్యూటర్ చదువు వద్దని నేను అనడం లేదు. మన పిల్లలు ఆ మేడల్లోకి ఉద్యోగులుగా వెళ్లాలి, యజమానులుగానూ వెళ్లాలి. కానీ ఆ మేడల నీడలోనే బడి మానేస్తున్న పిల్లవాడి సంగతి ఎవరు చదవాలి?

రాయదుర్గం, ఖాజాగూడ, హఫీజ్‌పేట బస్తీల్లో తిరిగిన వారెవరికీ ఈ ఇల్లు కొత్త కాదు. తండ్రి రాత్రి షిఫ్టు ఉద్యోగులను ఇళ్లకు చేర్చే క్యాబ్ నడుపుతాడు, పగలు నిద్రపోతాడు. ఉన్నది ఒక్కటే గది. బడి నుంచి వచ్చిన ఎనిమిదో తరగతి కుర్రాడు దీపం వేయకూడదు, పాఠం పైకి చదవకూడదు. ఇంట్లో దఖ్ఖనీ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. తరగతిలో ప్రశ్న అడిగితే మౌనంగా నిలబడతాడు. ఉపాధ్యాయుడు ప్రగతి పత్రంలో "శ్రద్ధ లేదు" అని రాస్తాడు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లవాడు మెకానిక్ షెడ్డులో తేలతాడు.

విద్యాశాస్త్రం ఒక్కటే చదివినవారు ఈ పిల్లవాడికి పాఠం ఇంకెలా చెప్పాలి అని ఆలోచిస్తారు. సమాజశాస్త్రం ఒక్కటే చదివినవారు ఆ కుటుంబం ఈ స్థితికి ఎలా చేరిందని ఆలోచిస్తారు. రెండూ అవసరమైన ప్రశ్నలే. అయితే మొదటివారికి ఇల్లు కనిపించదు, రెండోవారికి తరగతి గది కనిపించదు. రెండూ కలిపి చదివినవారే "శ్రద్ధ లేదు" అన్న ఆ రెండు మాటల వెనక ఒక గది, ఒక షిఫ్టు, మూడు భాషలు ఉన్నాయని గుర్తిస్తారు. సాయంత్రం రెండు గంటలు బడి తెరిచి ఉంచితే ఏం మారుతుందో, మొదటి తరగతుల్లో ఇంటి భాషను ఎలా వాడుకోవాలో చెప్పగలిగేదీ వారే.

ఈ కలయిక కొత్తదీ కాదు, పరాయిదీ కాదు. ఇబ్న్ ఖల్దూన్ 1377లో ముఖద్దిమా రాశారు. సమాజాలు ఎలా ఏర్పడి, ఎలా బలహీనపడతాయో వివరించిన ఆ గ్రంథంలోనే బోధనా పద్ధతుల గురించి, పిల్లల పట్ల కాఠిన్యం వారి స్వభావాన్ని ఎలా చెడగొడుతుందో కూడా చర్చించారు. ఐదు శతాబ్దాల తర్వాత ఆధునిక సమాజశాస్త్ర నిర్మాతల్లో ఒకరైన ఎమిల్ దుర్ఖైమ్ 1887లో ఫ్రాన్స్‌లోని బోర్దో విశ్వవిద్యాలయంలో చేరి సమాజశాస్త్రాన్నీ బోధనాశాస్త్రాన్నీ కలిపి బోధించారు. బడిని సమాజం నుంచి విడదీసి అర్థం చేసుకోలేమన్న ఎరుక ఇద్దరిలోనూ ఉంది.

మన సముదాయానికి ఈ చదువు ఎందుకింత అవసరం? మనల్ని లెక్కపెట్టినవారు చాలామంది ఉన్నారు. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడికి వెళ్లలేదని, లేదా మధ్యలో మానేశారని అది చెప్పింది. బడి ఈడు పిల్లల్లో మదర్సాలకు వెళ్లేది 3 శాతమేనని కూడా అదే నివేదిక తేల్చింది. ముస్లింలు మదర్సాలను వదలరు గనుకే వెనకబడ్డారన్న ప్రచారానికి అంతకంటే సూటి జవాబు లేదు. తెలంగాణలో 2015లో నియమితమైన సుధీర్ కమిషన్ మరుసటి ఏడాది నివేదిక సమర్పించింది. ఈ నివేదికలను సభల్లో ప్రస్తావిస్తాం, వినతిపత్రాలకు జతచేస్తాం. కానీ వాటి పట్టికలను చదివి, ప్రశ్నించి, మన బస్తీలో కొత్త లెక్క తీయగలవారు మనలో ఎందరున్నారు? ఎప్పుడూ లెక్కలోకి ఎక్కే జనంగానే మిగిలితే, ఆ లెక్కకు అర్థం చెప్పే హక్కు ఇతరుల చేతుల్లోనే ఉంటుంది.

పైగా మనమంతా ఒకే ముద్ద కాదు. దూదేకుల కుటుంబాలు బీసీ-బి జాబితాలో ఉన్నాయి. 2007 చట్టం 14 ముస్లిం సమూహాలను బీసీ-ఇ కింద చేర్చి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. తెలుగే ఇంటి భాషగా ఉన్నవారు కొందరైతే, ఉర్దూ మాట్లాడేవారు మరికొందరు. ఎవరి పిల్లలు ఏ తరగతిలో, ఏ కారణంతో ఆగిపోతున్నారో విడివిడిగా తెలియకుండా అందరికీ ఒకే మందు పనిచేయదు.

"ఉద్యోగం సంగతేమిటి?" అన్నది తల్లిదండ్రుల న్యాయమైన ప్రశ్న. బీఏలో సమాజశాస్త్రం చదివి, ఎడ్‌సెట్ రాసి బీఎడ్ చేస్తే ఉపాధ్యాయ వృత్తికి దారి ఉంటుంది. యూజీసీ నెట్ పరీక్షలో విద్యాశాస్త్రం, సమాజశాస్త్రం రెండూ వేర్వేరు సబ్జెక్టులుగా ఉన్నాయి. సివిల్ సర్వీసుల ఐచ్ఛికాంశాల్లో సమాజశాస్త్రం ఉంది. ఉర్దూ వచ్చిన పిల్లలకు గచ్చిబౌలిలోని ఉర్దూ విశ్వవిద్యాలయంలో రెండు విభాగాలూ ఉన్నాయి. ఉర్దూ రాని తెలుగు ముస్లిం పిల్లలకు అదే గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. ఒకేసారి రెండు డిగ్రీలు చదివేందుకు వీలు కల్పిస్తూ యూజీసీ 2022 ఏప్రిల్‌లో మార్గదర్శకాలు వెలువరించింది. అయితే బీఎడ్ వంటి వృత్తి కోర్సులకు ఎన్‌సీటీఈ నియమాలు కూడా వర్తిస్తాయి గనుక చేరేముందు తప్పక విచారించుకోవాలి. అద్దాల మేడల్లో వచ్చే జీతం ఈ దారిలో మొదట్లో రాకపోవచ్చు. ఆ మాట పిల్లలకు దాచకుండా చెప్పాలి.

ఇక ప్రభుత్వాలను అడగాల్సినవి ఉన్నాయి. పరిశోధక విద్యార్థులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. దాన్ని పునరుద్ధరించాలని మనం అడుగుతూనే ఉండాలి. 2020 జాతీయ విద్యా విధానం నాలుగేళ్ల సమీకృత బీఎడ్‌ను విద్యాశాస్త్రంతోపాటు మరో ప్రధాన విషయం కలిసిన డిగ్రీగా నిర్వచించింది. ఆ రెండో విషయంగా సమాజశాస్త్రాన్ని ఎంచుకునే వీలును మన విశ్వవిద్యాలయాలు కల్పించాలి. 2016లో 71 బడులతో మొదలై 204కు పెరిగిన తెలంగాణ మైనారిటీ గురుకులాలు మన కళ్లముందే ఉన్నాయి. అక్కడ చేరిన పిల్లల్లో ఎవరు నిలిచారు, ఎవరు వెళ్లిపోయారు, ఎందుకు వెళ్లిపోయారు అన్నది చదవడానికి అంతకంటే మంచి పరిశోధనా క్షేత్రం ఎక్కడ దొరుకుతుంది?

సముదాయం చేయగలిగిందీ ఉంది. వైద్య, ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇచ్చే జకాత్ నిధుల ఉపకార వేతనాల్లో, అర్హులైన పేద విద్యార్థుల కోసం ఒకటి రెండు ఈ చదువులకు కేటాయించవచ్చు. మసీదు కమిటీ చదువుకుంటున్న ఒక అమ్మాయికి సాయం చేసి, తన బస్తీలో బడి మానేసిన పిల్లల వివరాలు సేకరించే పని అప్పగించవచ్చు.

ఈ వేసవిలో మీ ఇంట్లో ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయి ఈ చదువు పేరెత్తితే, వెంటనే కాదనకండి. మెకానిక్ షెడ్డులో ఉన్న ఆ కుర్రాడు మళ్లీ బడికి రావాలంటే ఏం చేయాలో ఆమెను అడగండి. ఇప్పుడు ఆమెకు జవాబు తెలియకపోవచ్చు. తెలుసుకోవడానికే చదువుతానంటోంది. చదవనివ్వండి.