ఆ తాళాలు అద్దె చట్టం వేసినవి కావు

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి పచ్చి అబద్ధం. అద్దె నియంత్రణ చట్టాలకు భయపడి యజమానులు ఇళ్లకు తాళాలు వేసుకున్నారట, కొత్త చట్టం వస్తే ఆ తాళాలు ఊడతాయట. పట్టణాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు 2011 జనగణన తేల్చిన మాట నిజమే. ఆ నేరాన్ని తీసుకెళ్లి పాత ఇళ్లలో అద్దెకుంటున్న వాళ్ల నెత్తిన పెట్టడం అన్యాయం.

మన ఆంధ్రప్రదేశ్ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఏ ఇళ్లను ముట్టుకుందో చూడండి. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లకు మొదటినుంచీ మినహాయింపు ఉండేది. కొత్త ఇళ్లు కట్టేవారిని ప్రోత్సహించడానికి ఇచ్చిన ఆ మినహాయింపు పాతికేళ్లు నడిచింది. ఇది సమానత్వానికి విరుద్ధమని 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఏడాది ముగియకముందే ప్రభుత్వం 636 నంబరు జీవో తెచ్చి, కట్టి పదేళ్లు నిండని ఇళ్లను, నెలకు వెయ్యి రూపాయలు దాటిన అద్దెలను మళ్లీ చట్టం బయటికి నెట్టింది. 2005 సవరణతో ఆ అద్దె పరిమితి నగర పాలక సంస్థల్లో 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 అయింది.

మరి విశాఖ మధురవాడలో నెలకు పది వేలు అద్దె పలికే ఫ్లాటును ఏ నియంత్రణ ఆపింది? దాని అద్దె ఎంతో నిర్ణయించే అధికారం ఆ చట్టం కింద ఎవరికీ ఉండేది కాదు. విశాఖ దగ్గరి సబ్బవరం సంగతి ఇంకా స్పష్టం. అది మండల కేంద్రమే తప్ప మునిసిపాలిటీ కాదు. 1960 చట్టం చేసింది మునిసిపాలిటీల కోసం. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్న ఆ ఊళ్లో ఎవరైనా ఇల్లు కట్టి తాళం వేసి ఉంచితే, తమకు వర్తించని చట్టానికి భయపడి వేశారని చెబుతారా? భూమి ధర పెరుగుతుందని కొన్నవారికి నెలనెలా వచ్చే అద్దె లెక్కలోకి రాదు. ఖాళీ ఇళ్ల అసలు కారణం అక్కడుంది. దాని జోలికి వెళ్లే ధైర్యం లేక, మంత్రివర్గం బలహీనుల మీద పడింది.

ఆ చట్టం నిజంగా కాపాడింది విశాఖ వన్‌టౌన్‌లో, అల్లిపురంలో పాత పెంకుటిళ్ల వాటాల్లో ఉంటున్న కుటుంబాలను. హార్బరు కూలీ, దుకాణంలో గుమస్తా, చాలీచాలని పింఛనుతో బతికే వృద్ధులు. కారణం చూపకుండా వాళ్లను వెళ్లగొట్టే వీలుండేది కాదు, నీళ్లూ కరెంటూ ఆపే వీలుండేది కాదు, అద్దె మరీ ఎక్కువైతే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లి న్యాయమైన అద్దె తేల్చుకునే వీలుండేది. నమూనా చట్టంలో అద్దె ఎంతన్నది ఇద్దరి ఒప్పందం. తల దాచుకోను చోటు లేనివాడు ఏ ఒప్పందం మీదైనా సంతకం పెడతాడు. ఒప్పందం గడువు దాటినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగింతలు కట్టాలి.

సొంతింటి కోసం కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగిన యజమానుల బాధ నిజం. పాత చట్టమూ సొంత అవసరానికి, అద్దె ఎగవేతకు ఖాళీ చేయించే హక్కు ఇచ్చింది. ఆలస్యం కోర్టులది.

మన రాష్ట్రం 2017లోనే 1960 చట్టం స్థానంలో కొత్త చట్టం చేసుకుంది. కేంద్రం నమూనా పేరుతో పాత ఇళ్లవారికి మిగిలిన ఆ కాస్త రక్షణనూ తుడిచేయకూడదు. తక్కువ అద్దె పాత ఇళ్లకు 1960 చట్టంలోని న్యాయమైన అద్దె నిర్ణయాన్ని వర్తింపజేయాలి, ఆ చట్టంలోని 3,500 పరిమితిని నేటి ధరలకు తగ్గట్టు పెంచాలి. విశాఖలో తాళం వేసిన ఇళ్ల లెక్క తీసి, ఏ ఇల్లు ఏ ఏడాది కట్టారో, అది ఎప్పుడైనా అద్దె నియంత్రణ కిందికి వచ్చిందో లేదో పక్కనే రాసి, ప్రభుత్వం ఆ జాబితాను జనం ముందు పెట్టాలి.