ఆతిథ్యమును వంటింటి పొగయు

ఉత్తరాంధ్ర తీరమునకు భోగవిడుదులు వచ్చుచున్నవి. విశాఖపట్టణము నుండి భీమునిపట్టణమునకు సాగు సముద్రపు దారివెంట వానిని చూడవచ్చును. రాష్ట్రప్రభుత్వము 2024లో పర్యాటకమునకు పరిశ్రమ హోదా నొసగినది. భోగాపురమున అల్లూరి సీతారామరాజు పేరిట నిర్మింపదలచిన విమానాశ్రయమునకు 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగినది. ఆ నిర్మాణమును చేపట్టిన జీ.ఎం.ఆర్. సంస్థ స్థాపకులు శ్రీ గ్రంధి మల్లికార్జునరావుగారు రాజామున జన్మించినవారే. కావున ఈ విషయము సముద్రపు టొడ్డువారికే గాని మాకేల యని రాజాము ప్రాంతమువారు ఊరకుండుటకు వీలులేదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన శ్రీకాకుళము జిల్లా నుండి విజయనగరము జిల్లాలో చేరిన ఈ సీమ యువకులే రేపు ఆ విడుదులలో పడకలు పరచువారు, వంట వండువారు, వాకిట నిలిచి వచ్చినవారిని లోనికి తోడుకొని పోవువారు. అతిథి మన గడప త్రొక్కకముందే, అతనిని మనమే రీతిగా ఆదరింపవలయునో విచారించుట యుక్తము.

భోగవిడిది యనగానే ప్రకటనకర్తలు పాలరాతిని వర్ణింతురు. ఈతకొలనును, మెత్తని పరుపును, గది వైశాల్యమును వర్ణింతురు. ఇవి యక్కరలేనివని మేము చెప్పము. ధనము వెచ్చించినవాడు సౌఖ్యమును కోరుట న్యాయమే. కాని యట్టి చోట మూడు దినములుండి వచ్చినవాని నడిగి చూడుడు. అతడు పాలరాతిని గూర్చి రెండు మాటలు చెప్పి యూరకుండును. రాత్రిబండిలో ప్రయాణము చేసి వచ్చిన తనకు అడుగకుండగనే తేలికయైన యాహారము సిద్ధపరచినవానిని గూర్చి మాత్రము పది మాటలు చెప్పును. ఉల్లి తిననని తా నొకమారు చెప్పగా, మరల నెవ్వరును ఆ ప్రశ్న నడుగలేదని చెప్పును. మోకాళ్ళ నొప్పులు గల తల్లికి మెట్లెక్కనక్కర లేని గదిని ముందుగనే కేటాయించిరని చెప్పును. నిదురించువానిని మేలుకొలిపి నిదుర బాగుగ పట్టినదా యని ప్రశ్నింపకుండుటయు నొక యుపచారమే. ఉత్తమమైన పరిచర్యకు లక్షణ మిదియే: చేయువాడు కనబడడు; చేసినది మాత్రము తెలియును.

ఈ వివేకము లేనిచోట ఎంతటి కట్టడమైనను వట్టి కట్టడమే. ఋషికొండపై పర్యాటకశాఖవారి హరిత రిసార్టును కూల్చి, ఆ స్థలమున నూతన భవనములు నిర్మించిరి. 2024 జూనులో వాని లోపలి భాగములు ప్రజలకు చూపబడినప్పుడు చర్చ యంతయు స్నానపు తొట్టెలమీదను, వాని వెలలమీదను నడిచినది. ఆ వివాదములో ఏ పక్షము ధర్మమో తేల్చుట మా ప్రస్తుత ప్రయోజనము కాదు. ఒక్క మాట మాత్రము చెప్పక తప్పదు. అది యెవ్వరి విడిదిల్లు, ఆ వాకిట నెవ్వరికి స్వాగతము, అచట నిలిచి స్వాగతము పలుకువా రెవ్వరు అను ప్రశ్నలు ఆ హడావిడిలో మరుగున పడినవి. రాయి ముందు, మనిషి వెనుక యను క్రమము మనకు బాగుగ నలవాటైనది.

మన పెద్దల క్రమ మిది కాదు. అతిథిని దైవముగా భావింపుమని తైత్తిరీయోపనిషత్తు చెప్పిన సంగతి యెల్లరు నెరుగుదురు. అదే శీక్షావల్లిలో దానమును గూర్చి చెప్పిన విధిని మాత్రము అంతగా స్మరింపరు. ఇచ్చువాడు శ్రద్ధతో నీయవలెనట, సిగ్గుతో నీయవలెనట, భయముతో నీయవలెనట. పుచ్చుకొనువాడు సిగ్గుపడుట లోకసహజము. ఇచ్చువాడే సిగ్గుపడవలెనని చెప్పుట మన సంస్కృతి విశేషము. నే నింత పెట్టితినని చాటుకొన్న క్షణముననే ఆతిథ్యము వ్యాపారమగును.

పదునారవ శతాబ్దమున శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని గృహస్థధర్మము ప్రసిద్ధమైనది. ఆ భాగవతు డతిథులకు వానకాలమున నొక తీరు, వేసవిలో నొక తీరు, చలికాలమున నొక తీరు భోజనము నమర్చెను. పెట్టియు, ఇది స్వల్పమే మన్నింపుడని వేడుకొనెను. ఋతువునుబట్టి, దేహస్థితినిబట్టి యాహారము నేర్పరచుట నేటి యారోగ్యవిహారములవారు తమ నూతన శాస్త్రమని చెప్పుకొనుచున్నారు. అచ్చటనే మరియొక సూక్ష్మము కలదు. జడివాన పట్టిన దినములలో కట్టెలు తడిసి పొగ చిమ్మును గదా. వండుచున్న యిల్లాలి కన్నులకు పొగ సోకకుండ టెంకాయచిప్పలు వంటచెరకుగా వాడిరని రాయలు వర్ణించెను. విస్తరియొద్ద కూర్చున్న యతిథిని చూచినవారు కవులలో ననేకులు కలరు. పొయ్యియొద్ద కూర్చున్నదాని కంటిని చూచినవాడు రాయలు. మా వాదమున కీ యొక్క దృశ్యమే మూలము.

మనలో నొక లోపమును లేకపోలేదు. కొసరి కొసరి వడ్డించుటయే మర్యాద యనుకొందుము. వలదన్నకొలది మరియొక గరిటె వేయుదుము. తినువాని కడుపుకంటె పెట్టువాని కీర్తియే మనకు ముఖ్యమగును. దేహమునకు, మనస్సునకు నొక్కమారే స్వస్థత చేకూర్ప సంకల్పించిన విడిదిలో ఈ పద్ధతి చెల్లదు. అచట నుపవాస ముండువానికి అన్నము పెట్టకుండుటయే మర్యాద. ఆకలితో విసుగుకొనువానిని విసుగుకొనక యోర్చి, వేళకు నిమ్మనీరందించి, ఒంటరిగ విడువవలసినప్పుడు విడుచుట యెంత కష్టమైన పనియో చేసినవారికి దెలియును. ఇది మనకు పరాయివిద్యయు గాదు. జర్మను దేశీయుడగు లూయీ కూనే యొక్క ప్రకృతిచికిత్సా గ్రంథమును ద్రోణంరాజు వేంకటాచలపతిశర్మగారు 1894లో తెలుగు చేసిరి. భారతదేశమున నీ యుద్యమ చరిత్రము వ్రాయువారు ఆ తెలుగు పుస్తకముతోనే యారంభింతురు. గాంధీమహాత్ముడు 1946లో పూనాకు సమీపమున ఉరుళీకాంచనమున పల్లె ప్రజల నిమిత్తము ప్రకృతిచికిత్సాశ్రమమును నెలకొల్పెను. నీరు, మన్ను, ఎండ, గాలి, మితాహారము అను నీ చికిత్స ఆదిలో బీదవానికొరకు పుట్టినదని నేటి భోగవిడుదుల యజమానులు గుర్తుంచుకొనుట మేలు.

విదేశములందు సైతము చిరకాలము నిలిచిన విడిదిండ్లు ఆడంబరముచేత నిలువలేదు. జపాను దేశమున నిషియామా వేడినీటి బుగ్గలయొద్ద నున్న కెయున్‌కాన్ అను విడిది క్రీ.శ. 705లో స్థాపింపబడినదని ప్రసిద్ధి. లోకమున నన్నింటికంటె ప్రాచీనమైన విడిదియని గిన్నిసు గ్రంథమువారు దానిని గుర్తించిరి. అచటి యాకర్షణ వేడినీరు, శుభ్రమైన గది, ఋతువున కనువైన భోజనము, మితభాషణము. ఆ మర్యాదను వారు జాతిగౌరవముగా భావింతురు. దానిని చేయుటను చిన్నతనముగా నెంచరు.

ఇచట నొక యాక్షేపణ వినబడును. 1947లో స్వతంత్రులమైన మనము ధనికుల పళ్లెములు మోయుటకా స్వరాజ్యము తెచ్చుకొన్నది యని కొందరు యువకులు ప్రశ్నింతురు. ప్రశ్న సమంజసమైనదే. దీనికి మా సమాధాన మిది. ఆతిథ్యము వేరు, దాస్యము వేరు. ఆతిథ్యమిచ్చువాడు ఇంటి యజమాని. వచ్చినవాని పాదములు కడిగినను వాని గౌరవము తగ్గదు. దాసుడు ఆ యింట నొక మూల పడియుండువాడు. పట్టు తలపాగ చుట్టినను వాని గౌరవము పెరుగదు. గోదావరీ లంకలలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలిగొన్నవారందరికి జీవితమంతయు నన్నము పెట్టిరి. ఆమెను పరిచారిక యని యెవ్వరును అనలేదు, అన్నపూర్ణ యనిరి. 2024లో రాష్ట్రప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. కావున మన బిడ్డలు ఆ విడుదులలో గృహస్థుల వలె నుందురా, కూలివారి వలె నుందురా యనునదే మన ముందున్న ప్రశ్న.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల వలస దేశమున కెరుకపడినదే. ఇచటి వారు దూరనగరములలో గృహములు కట్టుదురు. వంటశాలలలో పొగ మింగుదురు. సొంతసీమలోనే పని దొరకుట సంతోషింపదగినదే. కాని పదునాలుగు గంటలు నిలుచుండి కాళ్ళు వాచినవాని ముఖమున నేర్పిన చిరునవ్వు నిలువదు; నిలిచినను దానిలో ప్రాణముండదు. అతిథి దానిని పసిగట్టును. తాను పడుకొనుటకు నలుగురి మధ్య చాప తప్ప వేరు దిక్కులేనివాడు, పరుని పడకపై దుప్పటి ముడుత లేకుండ ఎన్నాళ్ళు సర్దగలడు? పరిచర్య సున్నితముగా నుండవలెనన్నచో పరిచారకుని జీవితమును సున్నితముగా చూడవలెను. వండువారి కన్నులలో పొగ నింపి అతిథికి కమ్మని విందు పెట్టితిమనుట యాత్మవంచన.

ఇక సామగ్రి మాట. రాజామునకు పొరుగున పొందూరు కలదు. అచటి స్త్రీలు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, సన్నని నూలు వడకుదురు. ఆ ఖద్దరును గాంధీజీ మెచ్చుకొనిరి. దానిమీద జరీ లేదు, జిగి లేదు. తాకినవానికే దాని విలువ తెలియును. అట్టి వస్త్రము చేరువనుండగా విడుదుల గదులకు దూరదేశముల గుడ్డలు తెప్పించుట మనలను మనము కించపరచుకొనుటయే. చోడి అంబలి, తరవాణి, పనసపొట్టు కూర, తాటిముంజలు, పలాస జీడిపప్పు మన సీమ విందునకు కొరత రానీయవు. దూరము నుండి వచ్చినవాడు తన యూర దొరకుదానినే ఇచట వెదకుకొనుటకు రాడు.

కావున ఈ తీరమున విడుదులు కట్టువారిని, అనుమతులిచ్చు ప్రభుత్వమును మేము నాలుగు కోరికలు కోరుచున్నాము. పనివారికి చాలినంత వేతనము, విశ్రాంతి, మనుష్యులుండదగిన వసతి ముందు కల్పింపుడు. తరువాత అతిథుల గదులు తెరువుడు. యజమాన్యపు మెట్లు స్థానికులకు మూయకుడు; వాకిట నిలిచినవాడు కార్యాలయమున కూర్చుండునంత దూరము పోగల శిక్షణ నిండు. మత్స్యకారుని పడవకు సముద్రపు టొడ్డు విడువుడు. గృహస్థుని వెడలగొట్టి యతిథిని నిలుపుట యే ధర్మశాస్త్రమునను లేదు. ఆహారమున, వస్త్రమున ఈ సీమ చేతిపనికి మొదటి పీట వేయుడు.

రాజాము యువకులతో నొక్క మాట. ఆతిథ్యవిద్యను తక్కువ విద్యగా తలపకుడు. ఎదుటివాని యవసరమును వాడు నోరు విప్పకముందే గ్రహించుట మిక్కిలి మేధతో గూడిన పని. ఆ విద్యను తలయెత్తుకొని నేర్వుడు. తలవంచి చేయుమన్నచో నిరాకరింపుడు. తల యెత్తి నిలిచిన గృహస్థుడే వినయముతో వంగి అతిథికి నీళ్ళీయగలడు.