ఇంటి కెమెరాకు ఏ కటకము?

దూరమున నున్న దానిని దగ్గరకు లాగు పెద్ద కటకమే గొప్పదని పలువురు తలంతురు. ఇంటి చిత్రములకు అది పనికిరాదని మా అభిప్రాయము.

36×24 మి.మీ. గ్రాహకము గల కెమెరాకు 50, అంతకు చిన్నదగు ఏపీఎస్-సీ గ్రాహకమునకు 35 మి.మీ. కటకము నిత్యోపయోగమునకు చాలును. ఎఫ్ 1.8 రంధ్రము ఎఫ్ 3.5 కంటె దాదాపు నాలుగు రెట్లు వెలుతురును రానిచ్చును. కావున సందెవేళ నడవలో సయితము ఫ్లాషు అక్కరలేదు. విశాలకోణ కటకముతో ముఖమునకు మిక్కిలి చేరువైనచో ముక్కు పెద్దదై కనబడును. అది కటకదోషము కాదు, సామీప్యదోషము.

అయినను ఇట్టి కటకములు సాధారణముగా 30 నుండి 45 సెం.మీ. కంటె దగ్గరి వస్తువును స్పష్టముగ చూపజాలవు. సన్నని వ్రాతకు మాక్రో కటకము కావలెను. రెండు కొనలేనివారు 50 లేక 60 మి.మీ. మాక్రో ఒక్కటి కొనుట మేలు. వెలుతురు కొంత తగ్గినను రెండు పనులును నెరవేరును.

హోసూరు, బళ్లారి, బరంపురము వంటి తావుల మన ఇండ్లలో పెద్దల ముఖములేగాక వారి తెలుగు వ్రాతయు నిధియే. చదువువారు లేని ఇంట తెలుగు జాబు చిత్తుకాగితమగును. విద్యార్థులారా! అవ్వ ముఖముతోపాటు ఆమె చేతివ్రాతను కూడ చిత్రింపుడు. పిదప దానిని చదువుడు.