ఒకే వంటింట్లో ఇద్దరు పరదేశులు

మీ అమ్మాయికి సింగపూర్ సంబంధం కుదిరిందా? లేక మీవారికే అక్కడ ఉద్యోగం వచ్చి, పెట్టెలు సర్దే హడావిడిలో ఉన్నారా? ఆవకాయ ఎన్ని కిలోలు, కందిపొడి ఎంత, కుక్కరు చిన్నదా పెద్దదా అన్న చర్చ ఈపాటికి ఇంట్లో మొదలయ్యే ఉంటుంది. ఆ సంగతులూ చెప్పుకుందాం. కానీ అంతకంటే ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎవరూ చెప్పరు కాబట్టి ఈ వారం మనమే మాట్లాడుకుందాం.

సింగపూర్ చూడగానే పరాయి దేశంలా అనిపించదు. అక్కడి నాలుగు అధికార భాషల్లో తమిళం ఒకటి. లిటిల్ ఇండియాకు వెళితే మల్లెపూల దండలు, కరివేపాకు, మునక్కాయలు, ఇడ్లీ పిండి అన్నీ దొరుకుతాయి. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ కోవెల ఉంది. 1975లో ఏర్పడిన తెలుగు సమాజం ఉగాది చేస్తుంది. దాంతో దిగిన వారానికే "మనూరిలాగే ఉందత్తయ్యా" అని ఫోన్లో చెప్పేస్తాం. నిజమే, కానీ సగం నిజం. 2024 జూన్ నాటికి ఆ ఊరి జనాభా 60 లక్షల పైచిలుకు. అందులో 18 లక్షల మందికి పైగా అక్కడి పౌరులూ కారు, శాశ్వత నివాసులూ కారు. ఏదో ఒక పాస్ మీద ఉంటున్నవాళ్లే. మీరూ వాళ్లలో ఒకరు. మీ ఇంట్లో పనికి కుదిరే అమ్మాయి కూడా వాళ్లలో ఒకరే. ఈ రెండో మాటే మనం మర్చిపోతుంటాం.

మీవారి ఉద్యోగం, మీ పాస్

మీవారిది ఉద్యోగం పాస్. మీదీ పిల్లలదీ డిపెండెంట్ పాస్. ఆయన నెల జీతం కనీసం 6,000 సింగపూర్ డాలర్లు ఉంటేనే మీకు ఈ పాస్ ఇస్తారు. పేరులోనే ఉంది కదా, ఆయన పాస్ ఉన్నన్నాళ్లే మీదీ ఉంటుంది. ఉద్యోగం పోయిందనుకోండి, కంపెనీ ఆయన పాస్ రద్దు చేయిస్తుంది, దాంతోపాటు మీదీ రద్దవుతుంది. ఆ తర్వాత సాధారణంగా 30 రోజులు ఉండనిస్తారు. ఈలోగా ఆయనకు వేరే ఉద్యోగం దొరకాలి, లేదంటే పిల్లల చదువు, ఇల్లు, సామాను అన్నీ సర్దుకుని బయలుదేరాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. విదేశీ ఉద్యోగి మానేస్తున్నప్పుడు ఆదాయపు పన్ను లెక్క తేలేదాకా కంపెనీ అతనికి రావలసిన డబ్బు ఆపి ఉంచాలని అక్కడి నియమం. అంటే సరిగ్గా డబ్బు అవసరమైన నెలలోనే జీతం చేతికి రాదు. అందుకని కొత్తల్లోనే రెండు మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు మీ ఇద్దరి పేరా ఉన్న ఖాతాలో పక్కన పెట్టండి. ఆయన పేరు మీదే ఎందుకుండకూడదు అంటారా? ఆయనకు ఒంట్లో బాగాలేకపోయినా, ఇండియాకు వెళ్లాల్సి వచ్చినా అక్కడ బిల్లులు కట్టాల్సింది మీరే కదా!

ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు కాగితం చదవండి. చాలావరకు రెండేళ్లకు రాయించుకుంటారు. అందులో "డిప్లొమాటిక్ క్లాజు" అనేది ఉందో లేదో చూసుకోవాలి. ఉద్యోగం పోయినా, బదిలీ అయినా ఏడాది తర్వాత రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయవచ్చని మామూలుగా అందులో ఉంటుంది. అది లేకపోతే ఊరు వదిలినా అద్దె వదలదు.

"నేనూ డిగ్రీ చదివాను, అక్కడికెళ్లి ఏదో ఒకటి చేస్తాను" అనుకునే అమ్మాయిలకు మరో మాట. 2021 మే 1కి ముందు డిపెండెంట్ పాస్ ఉన్నవాళ్లకు అనుమతి లేఖ ఒకటి ఉంటే ఉద్యోగం చేసుకోనిచ్చేవారు. ఇప్పుడలా కాదు. ఉద్యోగం చేయాలంటే మీకంటూ వేరే వర్క్ పాస్ రావాలి. ఆ అర్హతలు అందరికీ సరిపోవు. ఇంట్లో పచ్చళ్లు పెట్టి, స్వీట్లు చేసి అమ్ముకుంటే ఎవరడుగుతారులే అనుకోకండి. అనుమతి లేకుండా చేస్తే అదీ నేరమే. ఆ మాట పెళ్లికి ముందే తెలుసుకుని ఒప్పుకోవడం వేరు, వెళ్లాక తెలిసి కుంగిపోవడం వేరు.

పోపు ఘాటు ఎంతదాకా?

ఇక మన వంటింటికి వద్దాం. మొట్టమొదట, పెట్టెలో గసగసాలు పెట్టకండి! కోడికూరలోకి, పాయసంలోకి మనకు మామూలు దినుసే. కానీ అక్కడ మత్తుమందుల చట్టం కింద వాటికి నిషేధం ఉంది. జీడిపప్పు నానబెట్టి రుబ్బి వేసుకుంటే కూర చిక్కదనం ఎక్కడికీ పోదు. మామగారికి అలవాటని జర్దా, గుట్కా పొట్లాలు తీసుకెళ్లడమూ కుదరదు. అవీ నిషేధమే.

అద్దె ప్రకటనల్లో "లైట్ కుకింగ్" అన్న మాట కనిపిస్తుంది. గది అద్దెకిచ్చే ఇళ్లలో మరీ ఎక్కువ. అంటే కాఫీ పెట్టుకోవచ్చు, నూడుల్స్ ఉడకబెట్టుకోవచ్చు, ఎండుమిరపకాయలు వేసి తాలింపు మాత్రం వద్దని. సంతకం పెట్టేముందే "మేం రోజూ రెండుపూటలా వండుకుంటాం" అని చెప్పేయండి. ముందే చెబితే మాటతో పోతుంది, తర్వాతైతే గొడవవుతుంది.

కూర వాసన మీద ఆ ఊళ్లో ఒకసారి పెద్ద దుమారమే రేగింది. చైనా నుంచి కొత్తగా వచ్చిన ఒక కుటుంబం, పక్కింటి భారతీయ కుటుంబం వండే కూర వాసన భరించలేకపోతున్నామని ఫిర్యాదు చేసింది. మధ్యవర్తులు కూర్చోబెట్టి మాట్లాడితే, పక్కవాళ్లు ఇంట్లో లేనప్పుడే కూర వండుకునేలా, వాళ్లు కూడా ఆ కూర రుచి చూసేలా ఒప్పందం కుదిరింది. ఈ సంగతి 2011 ఆగస్టులో పత్రికల్లోకి ఎక్కింది. చదివిన జనానికి కోపం వచ్చింది. ఆగస్టు 21, ఆదివారం నాడు అందరం కూర వండుదాం, ఇరుగుపొరుగుకు పెడదాం అని పిలుపిచ్చారు. చైనీయులు, మలయ్‌లు, భారతీయులు అన్న తేడా లేకుండా కూర వండారు.

ఇది విని "చూశారా, మన కూర గెలిచింది" అని మురిసిపోవడం సహజమే. కానీ కాస్త ఆలోచించండి. ఆ కూర వండినవాళ్లు ఆ ఊరివాళ్లు. ఫిర్యాదు చేసింది కొత్తగా వచ్చినవాళ్లు. ఎప్పటినుంచో ఉన్నవాళ్ల అలవాటును మార్చుకోమనడం అక్కడి జనానికి నచ్చలేదు. ఈ కథలో మనది రెండో కుటుంబం స్థానం. మనమూ కొత్తగా దిగినవాళ్లమే. పక్కింట్లో ఎండు రొయ్యలు వేయించినా, దురియన్ పండు కోసినా ముక్కు మూసుకుని మొహం చిట్లించే హక్కు మనకు లేదు. పోపు పెట్టేటప్పుడు వీధి తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, పులిహోర చేసినరోజు చిన్న డబ్బాలో పెట్టి పక్కింటి ఆంటీకి ఇవ్వండి. అక్కడ పెద్దవాళ్లను ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, హోటల్లో వడ్డించేవాళ్లను కూడా.

శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి. "మాంసం లేదు" అని చెప్పి ఇచ్చిన కూరలోనూ బెలచాన్ ఉండవచ్చు. అది రొయ్యలతో చేసే ముద్ద, అక్కడి కారాల్లో తరచూ పడుతుంది. విడిగా అడగండి. తులసి కుండీ పెట్టుకుంటే కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి. డెంగ్యూ దోమల కోసం ఇళ్లకొచ్చి చూస్తారు, దొరికితే జరిమానా.

ఆ ఇంట్లో రెండో పరదేశి

ఇద్దరు చిన్నపిల్లలుండి, సాయానికి అమ్మా అత్తగారూ దగ్గర లేకపోతే హెల్పరును పెట్టుకుంటారు. ఆ ఊళ్లో ఇళ్లలో పనిచేసే విదేశీ స్త్రీలు సుమారు 3 లక్షల మంది. ఎక్కువమంది ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, మయన్మార్‌ల నుంచి వస్తారు. చేరేటప్పటికి 23 ఏళ్లు నిండాలి, కనీసం 8 ఏళ్లు చదివి ఉండాలి. మన దగ్గర పనిమనిషిలా పొద్దున వచ్చి మధ్యాహ్నం వెళ్లిపోవడం కాదు, మీ ఇంట్లోనే ఉండాలి. చాలామందికి మొదటి కొన్ని నెలల జీతం ఏజెన్సీ అప్పుకే జమ అవుతుంది. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వచ్చినవాళ్లు ఎంతోమంది.

మీ పాస్ మీవారి ఉద్యోగానికి ముడిపడితే, ఆమె పర్మిట్ మీ ఇంటికి ముడిపడి ఉంటుంది. మీరు వద్దంటే మరో ఇల్లు దొరకాలి, లేదా తిరిగి వెళ్లాలి. ఆ భయం ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పాలా?

ఆమె పేర మీరు 5,000 డాలర్ల బాండు ఇవ్వాలి, నెలకు 300 డాలర్లు ప్రభుత్వానికి లెవీ కట్టాలి. "ఇంత కడుతున్నాం కదా" అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది. కానీ ఆ లెవీ ఆమె చేతికి వెళ్లదు సుమా! ఆమెకు అందేది జీతం మాత్రమే.

మన ఇళ్లలో తెలియక జరిగే పొరపాట్లు కొన్ని చెబుతాను. స్నేహితురాలింట్లో వ్రతం ఉందని, గిన్నెలు తోమడానికి మన హెల్పరును పంపడం అక్కడ చట్టవిరుద్ధం. పర్మిట్‌లో ఉన్న ఇంట్లోనే పని చేయాలి. జీతం "మా దగ్గరే దాస్తాం" అనడం 2019 నుంచి కుదరదు. పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలి. పండక్కి కిటికీలు బయటివైపు తుడిపించాలంటే గ్రిల్లు తాళం వేసి ఉండాలి, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. పై అంతస్తుల నుంచి జారిపడి ప్రాణాలు పోయాకే 2012లో ఈ నియమం తెచ్చారు.

ఇక తిండి. మనం శాకాహారులమైతే పప్పూ చారూ పెట్టేసి సరిపోయిందనుకుంటాం. రోజంతా ఒళ్లు వంచి పనిచేసే మనిషికి, పుట్టినప్పట్నుంచీ చేపలు తిని పెరిగిన మనిషికి అది చాలదు. మన వంటింట్లోకి మాంసం రానివ్వకపోతే తిండి కోసం విడిగా డబ్బివ్వండి, బయట హాకర్ సెంటర్లో తింటుంది. ముస్లిం అయితే హలాల్ చూసుకుంటుంది, ఉపవాసాలుంటుంది. మన కార్తీక సోమవారాలకు ఆమె సర్దుకున్నప్పుడు ఆమె రంజానుకు మనం సర్దుకోలేమా?

ఇదంతా ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, 2016 జులైలో మయన్మార్ నుంచి వచ్చిన 24 ఏళ్ల అమ్మాయి, పనిచేస్తున్న ఇంట్లోనే దెబ్బలకు చనిపోయింది. చనిపోయేనాటికి ఆమె బరువు 24 కిలోలు. సెలవు లేదు, ఫోను లేదు, కడుపునిండా తిండి లేదు. 2021 జూన్‌లో ఆ ఇంటి ఇల్లాలికి 30 ఏళ్ల జైలుశిక్ష పడింది. అంత ఘోరం మన ఇళ్లలో జరగదంటారు. జరగకూడదు కూడా. కానీ "బయటికి పంపితే పాడైపోతుంది", "ఫోనిస్తే పని చేయదు" అన్న మాటలు మనకు బాగా తెలిసినవే. బయటి మనిషి ఎవరూ ఆమెను చూడని ఇంట్లో ఏం జరిగినా ఎవరికీ తెలియదు.

ఆదివారం ఆమెది

2013 నుంచి హెల్పర్లకు వారానికొక సెలవు వచ్చింది. కానీ ఆ రోజుకు డబ్బిచ్చి పని చేయించుకునే వీలుండేది. 2023 జనవరి 1 నుంచి నెలకు కనీసం ఒక సెలవు డబ్బు రూపంలో ఇవ్వడానికి వీల్లేదు, ఇచ్చి తీరాలి. మిగిలినవి కూడా ఆమె కోరితే ఇవ్వండి.

ఆదివారం ఆర్చర్డ్ రోడ్డులోని లక్కీ ప్లాజాకు వెళితే ఫిలిప్పీన్స్ అమ్మాయిలు ఇళ్లకు డబ్బు పంపుతూ, గుంపుగా కూర్చుని తింటూ కనిపిస్తారు. మయన్మార్ వాళ్లు పెనిన్సులా ప్లాజాలో, ఇండోనేషియా వాళ్లు పాయా లేబార్ దగ్గరి సిటీ ప్లాజాలో చేరతారు. మరి మనం? అదే ఆదివారం లిటిల్ ఇండియాకు వెళ్లి, తెలుగువాళ్లు కనిపిస్తే నడిరోడ్డు మీదే అరగంట మాట్లాడి వస్తాం. సొంత భాషలో నాలుగు మాటలు మాట్లాడితే వారమంతా గడిచిపోతుంది. ఆమెకూ అంతే.

మలయ్, ఇండోనేషియా భాషల్లో పెద్దమ్మాయిని "కకాక్" అంటారు. అంటే అక్క. పిల్లలకు ఆ మాట నేర్పండి. పేరు పెట్టి గదమాయించడం నేర్చుకున్న పిల్లలు రేపు మనల్నీ అలాగే పిలుస్తారు.

సర్దే ముందు ఒక్కసారి చూసుకోండి:

* పెళ్లి సర్టిఫికెట్, డిగ్రీలు, పిల్లల పుట్టిన తేదీ పత్రాలు ఒక ఫైలులో, నకళ్లు మరో చోట.
* ఇద్దరి పేరా బ్యాంకు ఖాతా, అందులో రెండు మూడు నెలల ఖర్చు.
* అద్దె ఒప్పందంలో డిప్లొమాటిక్ క్లాజు, వంట సంగతి.
* గసగసాలు, జర్దా, చూయింగ్ గమ్ పెట్టెలోంచి తీసేయండి. ఆవకాయ సీసా మాత్రం గట్టిగా మూతపెట్టి, రెండు కవర్లలో చుట్టండి.
* హెల్పరును పెట్టుకుంటే, చేరిన మొదటి రోజే ఆమె సెలవు ఏ వారమో చెప్పి, క్యాలెండరు మీద ఆమె చేతనే గుర్తు పెట్టించండి.

సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్‌లలో కాపురాలు చేస్తున్న సోదరీమణులు మీ ఇళ్లలో ఈ సర్దుబాట్లు ఎలా చేసుకుంటున్నారో మాకు రాయండి. కొత్తగా వెళ్లే అమ్మాయిలకు మీ మాట ఉపయోగపడుతుంది.