ముడి చూచినదెవరు?



రెండు నెలల క్రిందట మాకు వచ్చిన లేఖలలో ఒకటి మమ్ము చాల దినములు ఆలోచింపజేసినది. వ్రాసినది గుంటూరు జిల్లాయందలి యొక తల్లి. ఆమె కొమార్తె ఫ్రాన్సు దేశమున చదువుకొనుచున్నది. సెలవు దినములలో స్నేహితురాండ్రతో గూడి వెర్డాన్ అను నదీలోయకు పోయి, అచ్చటి నిట్టనిలువు సున్నపురాతి గోడల నెక్కి వచ్చుచున్నదట. ఈ సంగతి కూతురు తల్లికి చెప్పలేదు. బంధువులు చూపిన ఫోటో వలన తెలిసినది. "తాడిచెట్టు లెక్కువారికి పొట్టకూటికై తప్పదు. దీనికేమి వచ్చినది? ఇంక పోనని ఒట్టు పెట్టించుకొనవలెనా? మీరేమందురు?" అని ఆమె యడిగినది.

మేము వెంటనే ప్రత్యుత్తర మీయలేకపోతిమి. తెలియని దానిని వలదనుట తగదు, పొమ్మనుటయు తగదు. కావున ఆ స్థల మెట్టిదో, ఆ క్రీడ యెట్టిదో మొదట తెలిసికొంటిమి.

వెర్డాన్ నది ఫ్రాన్సు దేశపు ఆగ్నేయభాగమున ప్రోవాన్సు సీమలో ప్రవహించును. నీరు పచ్చరాతి వన్నె. ఈ నది సున్నపురాతి పీఠభూమిని యుగయుగములుగ కోసికొనుచు పోయి, సుమారు 25 కిలోమీటర్ల పొడవున గొప్ప లోయ నేర్పఱచినది. కొన్నిచోట్ల దాని లోతు 700 మీటర్లు. సున్నపురాయి మనకు క్రొత్తది కాదు. మన యిండ్లలో పఱచు కడప నాపరాయియు, అమరావతి శిల్పులు బొమ్మలు చెక్కిన పల్నాటి రాయియు నీ జాతివే. ఈ రాతిని వాననీరు మెల్లమెల్లగ కరగించును. అందుచే వెర్డాన్ గోడలనిండ నీరు తొలిచిన చిన్నచిన్న గుంట లేర్పడినవి. ఒక్కొక్క గుంటలో రెండు వ్రేళ్లో మూడు వ్రేళ్లో పట్టును. ఎక్కువారికి నిచ్చెనమెట్లు అవియే.

1905వ సంవత్సరమున మార్తెల్ అను గుహాశోధకుడు కొందఱితో గూడి ఈ లోయ యడుగున ఈ కొసనుండి ఆ కొసకు పోయెను. 1968లో ఎస్కాలెస్ అను గోడపై 'లా దెమాండ్' అను దారిని ఇద్దఱు ఫ్రెంచివారు మొదటిసారి ఎక్కిరి. ఆ గోడ యెత్తు సుమారు 300 మీటర్లు. అటుతరువాత నిది దేశదేశముల శిలారోహకులకు యాత్రాస్థలమైనది. 1999లో అచ్చట రాబందులను మరల తెచ్చి విడిచిరి. గోడపై నున్నవారి ప్రక్కగనే అవి యెగిరిపోవుచుండును.

ఇక నెక్కు విధము. గోడను తొలిచి ఉక్కు బోల్టులను ముందే బిగించియుందురు. ఎక్కునామె నడుమునకును తొడలకును పట్టీ బిగించికొని, దానికి త్రాటికొసను ముడివేసికొనును. పైకి పోవుచు ఒక్కొక్క బోల్టునకు కొక్కెము తగిలించి, అందులో త్రాటిని దూర్చును. త్రాడు ఆమెను పైకి లాగదు, ఎక్కుట కాళ్లచేతులతోనే. జాఱినప్పుడు మాత్రము త్రాడు కాచును. అదియు రెండవ కొసను పట్టుకొని క్రింద నిలిచిన నేస్తురాలు మెలకువతో నున్నప్పుడే. తాళ్లెక్కువారి మోకును చూచినవారికి ఈ పట్టీ సంగతి తేలికగ బోధపడును. 2024లో తెలంగాణ ప్రభుత్వము గీత పనివారికి 'కాటమయ్య రక్షణ కవచము' అను పేర ఇచ్చిన సాధనములును ఇట్టి పట్టీలు, త్రాళ్లే. ఇక నాట యందురా, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో దీనిని మొదటిసారి చేర్చిరి. స్త్రీలలో స్వర్ణపతకము స్లొవేనియా దేశపు యన్యా గార్న్‌బ్రెట్ అను యువతికి వచ్చినది.

సాధారణముగ కొండను క్రిందనుండి పైకెక్కుదురు. వెర్డాన్‌లో పలుచోట్ల క్రమము తాఱుమాఱు. బండి బాట గోడ పైయంచున నున్నది. అచ్చటనుండి త్రాటిమీదుగ క్రిందికి దిగి, దిగిన పిదప ఆ త్రాటిని లాగికొందురు. ఆ క్షణమునుండి యింటికి పోవు దారి పైకే. అలసితి నన్నను, మబ్బు పట్టినను, వేళ మించినను ఎక్కియే తీఱవలెను. వేసవిలో దక్షిణముఖమున నున్న గోడ మధ్యాహ్నమునకు మాడిపోవును. ఉఱుములతో వానయు రావచ్చును. వసంతమును శరత్తును మంచి కాలములు.

ప్రమాద మెక్కడ దాగియుండునో తెలియుటకు లిన్ హిల్ కథ చాలును. ఈమె 1961లో పుట్టిన అమెరికా వనిత. 1989 మే నెలలో అదే ప్రోవాన్సు సీమయందలి బ్యూక్స్ అను చోట సున్నపురాతి గోడ నెక్కబోయెను. ఆమెకది కష్టమైన దారి కాదు. ముడి వేసికొనుచు, నడుమ మాటలలో పడి, పాదరక్షలు తొడుగుకొనుటకు పోయి, ముడిని పూర్తిచేయ మఱచెను. పైన తొడిగిన కోటు కప్పియుండుటచే లోపము కనబడలేదు. పైకి చేరి, దిగుటకై త్రాటిపై బరువు మోపగనే త్రాడు జాఱిపోయెను. ఇరువది మీటర్లకు మించిన యెత్తునుండి ఆమె పడెను. చెట్టుకొమ్మలు అడ్డుపడుటచే ప్రాణము దక్కినది. మోచేయి కీలు తప్పెను, పాదమున ఎముక విఱిగెను.

కోలుకొని ఆమె మరల ఎక్కెను. 1993లో అమెరికాయందలి ఎల్ కాపిటన్ అను కొండపై 'నోస్' అను సుమారు 900 మీటర్ల దారిని, త్రాటి నూతగ గొనక, కాళ్లచేతుల బలముతోనే ముగించెను. అంతకుముందు స్త్రీగాని పురుషుడుగాని అట్లు చేసియుండలేదు. మఱుసటి యేడు అదియే ఒక్క దినములో ఎక్కెను.

నూతిలో చేద వదలుకొనని యిల్లా లెవరు? ముడి వేసినది తానే. వదులుగ నున్నదని తెలిసినది బొక్కెన మునిగిన పిదపనే. అందుచేతనే నేడు తెలిసిన శిలారోహకులు ఎంత నేర్పరులైనను, ప్రతిసారియు, నేల విడువక మునుపే ఒకరి ముడి నొకరు చూచికొందురు. త్రాటి చివరి కొసనుకూడ ముడివేయుదురు. లేనిచో దిగునప్పుడు త్రాడు చాలక కొస జాఱిపోవును. ముడి చూపుమన్నచో అచ్చట నెవ్వరును నొచ్చుకొనరు.

ఇక నా తల్లి ప్రశ్న. మాలో ఇద్దఱు పోవలదనియే యనిరి. వారి మాటను మేము త్రోసివేయలేదు. ముళ్లన్నియు సరిగ నున్నను పైనుండి రాయి రాలవచ్చును. అపాయము లేదని వ్రాసినచో మేము అబద్ధమాడినవార మగుదుము. అయినను ఒట్టు పెట్టించుకొనుట మాకు సమ్మతము గాలేదు. ఆ పిల్ల యిదివఱకే చెప్పక పోయినది. ఒట్టు పెట్టించినచో మరల చెప్పక పోవును. ఈ క్రీడలో ప్రాణము కాచునది "నా ముడి చూడు" అని నోరు తెఱచి యడుగు నలవాటు. "నేడు నాకు శక్తి చాలదు" అని సిగ్గుపడక చెప్పు నలవాటు. ఇంట దాచ నేర్చిన పిల్లకు గోడపై చెప్పుట కష్టము.

కావున మేమిట్లు వ్రాసితిమి: "అమ్మా, కూతు నీ ప్రశ్నలడుగుడు. నీకు నేర్పినదెవరు? నీ త్రాడు పట్టునదెవరు, ఎన్నాళ్లనుండి? ఒకరి ముడి యొకరు చూచికొందురా? త్రాటి చివర ముడి వేయుదురా? తలకు టోపీ కలదా? త్రాటిని లాగికొనక మునుపు మబ్బును చూతురా? పైకి రాగానే నాకు కబురు చేయుదువా? విసుగుకొనక జవాబు చెప్పినచో పోనిండు. 'అంత యక్కఱలేదు' అని నవ్వివేసినచో గట్టిగ వలదనుడు. మేమును మీ ప్రక్కనే యుందుము."

మొన్న ఆ తల్లి రెండవ లేఖ వచ్చినది. కూతురు అన్నిటికిని జవాబు చెప్పినదట. త్రాటి చివరి ముడిని మాత్రము ఒక్కొక్కప్పుడు మఱచుచున్నామని ఒప్పుకొని, ఇకమీద మఱువనన్నదట. తల్లికి భయము పోలేదు. పోవునని మేమును చెప్పియుండలేదు. కాని క్రిందటి ఆదివారము బయలుదేరుటకు ముందు కూతురు తానై ఆమెకు చెప్పి పోయినది. సాయంకాలము పైకి చేరితినని కబురు చేసినది.