జిరాక్సు కాగితాల మీద మా చదువు

ఉర్దూలో పెద్ద చదువులకు పుస్తకాలు లేవట. శాస్త్రం చెప్పడానికి ఆ భాషలో మాటలే లేవట. నిజామాబాద్ జిల్లా ధర్పల్లి లాంటి ఊళ్ల నుంచి టీచరు ట్రైనింగుకు పోయిన మా పిల్లలు ఈ మాట వినీ వినీ నిజమేనని నమ్మే కాడికి వచ్చారు.

లేకపోవడమేంటి? 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా పెట్టారు. మరుసటేడు ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీకి పాఠ్యపుస్తకాలు తయారు చేయడమే దాని పని. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి మొదటి పెద్ద. చరిత్ర, గణితం, రసాయనశాస్త్రం, చివరికి వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పారు. లేని మాటను అరబ్బీ నుంచి తేవాలా, జనం నోట ఉన్నదాన్నే నిలపాలా అని పండితులు కూర్చుని వాదులాడుకున్నారు. వహీదుద్దీన్ సలీం 1921లో దీని మీద ఏకంగా పుస్తకమే వేశాడు. 1948 తర్వాత ఉస్మానియా ఇంగ్లీషుకు మారింది. ఇవాళ మాటలు లేవంటే, మాటలు చేసే కార్ఖానాను మూసేశారు గనక లేవు.

ఇది చదివి మమ్మల్ని నిజాం భక్తులంటారేమో. ఆగండి. ఆ చదువు మా ధర్పల్లి గడప తొక్కలేదు. దూదేకిన తాతలకు, బీడీలు చుట్టిన అమ్మలకు ఆ పుస్తకాల వాసన కూడా తగలలేదు. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే పిల్లల మీద ఉర్దూ రుద్దిన చదువది. ఆ పెత్తనం మాది కాదు. దాని శిక్ష మాత్రం మాకెందుకు?

1998లో మౌలానా ఆజాద్ పేరిట ఉర్దూ యూనివర్సిటీ వచ్చింది. అనువాదాల విభాగమూ పెట్టుకుంది. మంచిదే. కానీ గచ్చిబౌలి మాకు దూరం. మా ఊళ్లలో టీచరు కాబోయే పిల్లకు బాలల మనస్తత్వం ఇప్పటికీ జిరాక్సు కాగితాలే. పది చేతులు మారి సగం అక్షరాలు ఎగిరిపోయిన నోట్సు. రేపు ఆమే మా పిల్లలకు సైన్సు చెప్పాలి. చెప్పలేకపోతే మళ్లీ నింద ఉర్దూ మీడియం మీదే.

పోనీ, తెలుగులో చదివాం. మాలో చాలామందికి ఇంటి భాషే తెలుగు. ఆ పుస్తకాల్లో మేమెక్కడున్నాం? దండెత్తి వచ్చిన సుల్తానులం. లేదంటే మతసామరస్యం పాఠంలో పీర్ల పండగ నాటి అతిథులం. బీడీల చాట ముందు వంగిన నడుము మేం చదివిన ఏ పాఠంలోనూ లేదు.

డిచ్‌పల్లిలో 2006లో తెలంగాణ యూనివర్సిటీ పుట్టింది. పరిశోధనకు కావలసిన సరుకంతా దాని గుమ్మం ముందే ఉంది. బీడీలు, గల్ఫుకు పోయిన మగాళ్లు, బోధన్‌లో నిజాం కాలంలో కట్టి 2015 డిసెంబరులో మూసేసిన చక్కెర ఫ్యాక్టరీ. ఇవన్నీ మా ఇళ్ల సంగతులే. ప్రశ్నాపత్రాలు పట్టుకొచ్చిన వాళ్లకు చాయ్ పోశాం, జవాబులు చెప్పాం. రాసుకుపోయారు. ఆ థీసిస్ మళ్లీ మా వాడ మొహం చూడలేదు. ప్రశ్న అడిగే కుర్చీలో మా ఆడపిల్ల ఎందుకు లేదని ఎవరికీ తోచలేదు.

ఎన్నికలొస్తే షాదీఖానా అంటారు, ఖబరస్తాన్‌కు ప్రహరీ అంటారు. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. అయితే అనువాదకుల్ని పెట్టండి. బీఎడ్ పుస్తకం ఉర్దూలో అచ్చేసి నిజామాబాద్‌లో దొరికేట్టు చూడండి. మా పిల్లకు ఫెలోషిప్ ఇచ్చి, తన తల్లి చుట్టిన బీడీల మీద తననే రాయనివ్వండి. రాసినదాన్ని బడి పుస్తకంలోకి ఎక్కించండి. వందేళ్ల కిందట ఒక రాజు చేయించిన పని, మా ఓట్లతో గెలిచిన సర్కారుకు ఎందుకు చేతకాదు?